కాలేజీకి మూడు మెట్లు కింద

ఫీజు కాలేజీది. పుస్తకం ధర కాలేజీది. పార్కింగ్ పర్మిట్ కాలేజీది. పాఠం మాత్రం ఏడో తరగతిది. సెమిస్టర్ పొడుగునా కూర్చుని, హోంవర్కులు చేసి, పరీక్ష రాసి పాసైతే డిగ్రీ ఖాతాలో జమపడే క్రెడిట్లు సున్నా. అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలు దశాబ్దాల తరబడి అమ్మిన ఈ సరుకు పేరు రెమెడియల్ కోర్సు. ఇవ్వనిదానికి నిండు ధర రాబట్టడం, పుచ్చుకోనివాడు ఇంటికెళ్ళి ‘తప్పు నాదే’ అని కుమిలేలా చెయ్యడం, మరుసటేడు మళ్ళీ అంతమందిని వరసలో నిలబెట్టడం! ఇంత నేర్పున్న వ్యవస్థను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. కాబట్టి కాసేపు పొగుడుతాను.

కమ్యూనిటీ కాలేజీ గురించి మనవాళ్ళకు తెలిసింది తక్కువ, చిన్నచూపు ఎక్కువ. క్యూపర్టినోలో డి ఆంజా కాలేజీ, డాలస్ పక్కన కాలిన్ కాలేజీ తెలుగు ఇళ్ళ నడిమధ్యనే ఉంటాయి. హైస్కూలు పిల్లాడు ఎండాకాలం సెలవుల్లో అక్కడ ఒక కోర్సు చేసి మార్కుల పట్టీకి మెరుగు పెట్టుకుంటే అది ముందుచూపు. అదే పిల్లాడు హైస్కూలయ్యాక అక్కడే చేరాడంటే మాత్రం, పుట్టినరోజు పార్టీలో ఎవరో ‘మీవాడు ఎక్కడండీ?’ అని నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ ‘రెండేళ్ళేనండీ, తర్వాత బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్’ అని ముందరికాళ్ళకు బంధం వేస్తుంది. ఆవిడ బాధ ఆవిడది. దేశం సంగతి వేరు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన ఈ తరహా కాలేజీలు ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్నాయి. కాలిఫోర్నియాలోనే 116. దేశంలో డిగ్రీ చదివేవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది చదువు వీటిలోనే. రాత్రి షిఫ్టు దిగి పొద్దున క్లాసుకొచ్చేవాడు, ఇద్దరు పిల్లల తల్లి, సైన్యంలోంచి తిరిగొచ్చినవాడు, ఇంటిల్లిపాదిలో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన అమ్మాయి, ఎవరొచ్చినా కాదనని చోటు అది. ర్యాంకు అక్కర్లేదు, సీటు కోసం కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ అక్కర్లేదు.

ఎవరినీ కాదనకూడదు, అందరినీ లోపలికి రానివ్వనూ కూడదు. ఈ చిక్కుముడి విప్పిన మహానుభావులే ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టారు.

చేరిన రోజునో ఆ వారంలోనో విద్యార్థిని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవారు. కాలేజ్ బోర్డు వారి అక్యుప్లేసర్, లేదంటే ఏసీటీ వారి కంపాస్. సరైన జవాబు కొడితే ఇంకాస్త కష్టమైన ప్రశ్న, తప్పు కొడితే ఇంకాస్త తేలిక ప్రశ్న. ఓ ఇరవై ప్రశ్నలయ్యేసరికి మనిషి అంచనాకు దొరికిపోయేవాడు. పన్నెండేళ్ళు బడికెళ్ళి తెచ్చుకున్న మార్కులు ఒక పక్క, డ్యూటీ దిగి ఆకలి మీద నొక్కిన ఇరవై మీటలు ఒక పక్క. కాలేజీ ఆ మీటలనే నమ్మింది. ఇంకా గొప్ప సంగతి, ‘కంగారు పడకండి, ఇందులో పాస్ ఫెయిల్ ఏమీ ఉండవు’ అని కూడా చెప్పింది. నూటికి నూరుపాళ్ళు నిజం. ఫెయిలైన పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. ఇందులో తేలిన ఫలితాన్ని మాత్రం ఏడాదో ఏడాదిన్నరో అనుభవించాలి. 2010లో వెస్ట్‌ఎడ్ సంస్థ పరిశోధకులు కాలిఫోర్నియా విద్యార్థులను కదిపితే, చాలామందికి ఈ పరీక్షతో ఏమేం ముడిపడి ఉన్నాయో రాసేదాకా తెలియదని, చదువుకుని రావచ్చన్న ఆలోచన కూడా వాళ్ళకు తట్టలేదని బయటపడింది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ బోర్డు కట్టే ఊళ్ళలో పెరిగిన మనకు ఇది మింగుడు పడదు. ఎంత చదివినా చాలదని పిల్లల ప్రాణం తీసే పరీక్షలు మనకు తెలుసు. చదవకుండా రమ్మని బుజ్జగించి, వచ్చాక మెడ మీద కత్తి పెట్టే పరీక్షను కనిపెట్టడానికి మాత్రం అమెరికా కావాల్సొచ్చింది.

ఇక కట్-ఆఫ్ సొగసు చూడాలి. కాలిఫోర్నియాలో చాలాకాలం ఏ కాలేజీ కట్-ఆఫ్ ఆ కాలేజీదే. అదే అమ్మాయి, అదే బుర్ర, అదే స్కోరు. ఈ కాలేజీలో ఆమె కాలేజీ చదువుకు తగదు. ఫ్రీవే మీద పది మైళ్ళు పోతే తగుతుంది. ఆ పది మైళ్ళ మధ్యలో ఆమెకు బీజగణితం ఎవరు నేర్పారో తెలిస్తే వాళ్ళకు జాతీయ బహుమతి ఇవ్వొచ్చు.

కట్-ఆఫ్ అందుకోని వాళ్ళను పంపేది మెట్ల దారికి. అంకగణితం, దాని మీద ప్రీ-ఆల్జీబ్రా, దాని మీద ఎలిమెంటరీ ఆల్జీబ్రా, కొన్నిచోట్ల దాని మీద ఇంటర్మీడియెట్ ఆల్జీబ్రా. ఇవన్నీ ఎక్కితే అప్పుడు అసలు కాలేజీ గణితం. ‘నువ్వు కాలేజీకి మూడు మెట్లు కింద ఉన్నావు’ అని విద్యార్థి ఫైల్లో రాసేవాళ్ళు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఎరిగినవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్త కాదు. కంపార్ట్‌మెంట్లో కూర్చోవడం, తలుపు తీశారని పరుగెత్తడం, తీరా చూస్తే ఇంకో కంపార్ట్‌మెంట్. అయితే స్వామివారి క్యూలో మధ్యమధ్య పాలు, ఉప్మా అందుతాయి, పిల్లాడు ఏడిస్తే పక్కవాళ్ళు ఎత్తుకుంటారు, ఎంత ఆలస్యమైనా చివరికి దర్శనం ఖాయం. ఈ క్యూలో టిక్కెట్టు ప్రతి కంపార్ట్‌మెంట్ దగ్గరా మళ్ళీ కొనాలి, దర్శనం మాటంటారా, దానికి హామీ లేదు.

పదేళ్ళ కిందట డాలస్ వైపు ఏ తెలుగింటి సత్యనారాయణ వ్రతంలోనో జరిగి ఉండదగిన సంభాషణ ఇది. భర్త ఉద్యోగం మీద వచ్చిన ఓ అమ్మాయి. గుంటూరులో బీకాం చదివి పదేళ్ళయింది. నర్సింగ్ చదువుదామని కమ్యూనిటీ కాలేజీలో చేరింది.

‘‘ఏమ్మా, కాలేజీలో చేరావటగా! ఏం చదువుతున్నావు?’’

‘‘నర్సింగ్ అండీ పిన్నిగారూ. అంటే, దానికి లెక్కల కోర్సు ఒకటి కావాలి.’’

‘‘అయితే లెక్కలు చదువుతున్నావన్నమాట.’’

‘‘ఆ లెక్కల్లో చేరాలంటే ముందు ఇంకో లెక్కలు పూర్తిచెయ్యాలటండీ.’’

‘‘సరే, అది చదువుతున్నావా?’’

‘‘దాంట్లో చేరడానికి ఇంకోటి ఉందండీ. ఇప్పుడు భిన్నాలు కూడుతున్నాను.’’

‘‘బీకాం చదివావు కదమ్మా! గుంటూరులో ట్యూషన్లు కూడా చెప్పేదానివని మీ అత్తగారు అన్నారు.’’

‘‘చెప్పేదాన్నండీ. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు. అడగలేదు కూడా.’’

పిన్నిగారు ఇంకేం అడగకుండా ప్రసాదం పెట్టి పంపేసింది. ఆమె స్థానంలో సలహా ఇచ్చే కౌన్సెలర్ ఉన్నా అంతకన్నా ఎక్కువేమీ చెప్పి ఉండడు. ప్రసాదం కూడా దక్కి ఉండదు.

భిన్నాలు నేర్పించే ఈ వ్యవస్థకు గుణకారం ఎవరు నేర్పాలి? చిన్న లెక్క చేద్దాం. మూడు మెట్లు కింద నుంచి నూరుమంది బయల్దేరారనుకోండి. ప్రతి మెట్టులోనూ నూటికి ఎనభై మంది పాసవుతారు, పాసైనవాళ్ళలో ఎనభై శాతం పైకోర్సులో చేరతారు. ఎంత ఉదారంగా వేశానో చూడండి, ఏ రెమెడియల్ మాస్టారూ నన్ను పిసినారి అనడానికి లేదు. మొదటి మెట్టులో 80 మంది పాస్. రెండో మెట్టులో చేరింది 64, పాసైంది 51. మూడో దాంట్లో చేరింది 41, పాసైంది 33. కాలేజీ గణితంలో అడుగుపెట్టేది 26, దాటేది 21. ఎవరూ దద్దమ్మ కాదు, ఏ మాస్టారూ చెడ్డవాడు కాదు, ప్రతి మెట్టులోనూ ఫలితాలు దివ్యంగా ఉన్నాయి. నూటికి డెబ్భై తొమ్మిది మంది మాత్రం ఎటో పోయారు. మధ్యలో కారు చెడింది, షిఫ్టు మారింది, పిల్లకు జ్వరం వచ్చింది, అద్దె పెరిగింది. ఒకే కోర్సయితే ఇవన్నీ ఒక్కసారి తట్టుకుంటే చాలు. నాలుగు కోర్సుల్లో నాలుగుసార్లు తట్టుకోవాలి.

ఇది నా కాగితం లెక్క. నిజం దీనికన్నా ఘోరం. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్‌లో థామస్ బెయిలీ, ఆయన సహచరులు 2010లో రికార్డులు తిరగేశారు. గణితంలో రెమెడియల్‌కు పంపినవాళ్ళలో మెట్లన్నీ ఎక్కినవాళ్ళు మూడోవంతు. మూడు మెట్లు కింద నిలబెట్టిన వాళ్ళలోనైతే నూటికి 17 మంది. ఆ 17 మందీ కాలేజీ గణితం పాసైనవాళ్ళు కాదు సుమా, ఆ గది తలుపు దాకా వచ్చినవాళ్ళు. ఇంకో ముచ్చట, రాలిపోయినవాళ్ళలో క్లాసులో ఫెయిలైనవాళ్ళ కన్నా అసలు క్లాసులోనే చేరనివాళ్ళు ఎక్కువ. పేరు రాసుకున్న రోజున ‘మూడు మెట్లు కింద’ అన్న మాట విని, ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు. కాలేజీ రికార్డుల్లో వాళ్ళు రెమెడియల్ విద్యార్థులు. ఏ రెమెడీ పుచ్చుకోలేదు.

పరీక్ష సరిగ్గా తూచి ఉంటే ఇదైనా ఒక దారి అని సరిపెట్టుకునేవాళ్ళం. అదే కేంద్రంలో జుడిత్ స్కాట్-క్లేటన్ 2012లో తేల్చింది ఏమిటంటే, గణితంలో సుమారు నలుగురిలో ఒకరిని, ఇంగ్లీషులో సుమారు ముగ్గురిలో ఒకరిని ఈ పరీక్షలు తీవ్రంగా తప్పు చోట కూర్చోబెడుతున్నాయి. పైన ఉండాల్సినవాళ్ళను కిందికి నెట్టిన సందర్భాలే ఎక్కువ. నేరుగా కాలేజీ క్లాసులో వేస్తే బి గ్రేడు తెచ్చుకోగలవాళ్ళు కూడా భిన్నాలు కూడుతూ కూర్చున్నారు. పరీక్షకు బదులు హైస్కూలు మార్కులు చూస్తే ఈ తప్పులు బాగా తగ్గుతాయని కూడా ఆమె చూపించింది. ఆ మార్కులు ఎక్కడో దాచిన నిధి కాదు. అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల బడి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. బీరువా తెరిపించడానికి ఒక ఉత్తరం రాయాలి. పరీక్ష కొనడానికి ఒక చెక్కు రాయాలి. చెక్కు రాయడమే తేలికని కాలేజీలకు తోచింది.

చివరికి కంపాస్ పరీక్ష తయారుచేసిన ఏసీటీ సంస్థే, విద్యార్థులను తగిన చోట చేర్చడంలో అది అనుకున్నంతగా పనికిరావడం లేదని ఒప్పుకుని 2016లో దాన్ని ఆపేసింది. అమ్మినవాడే నాసిరకమని దుకాణం కట్టేసిన అరుదైన ఘట్టం. ఆ పరీక్ష మాట మీద సెమిస్టర్లు, ఫీజులు, పెల్ గ్రాంటు పోగొట్టుకున్నవాళ్ళకు డబ్బు వాపసిచ్చే కౌంటర్ ఏ కాలేజీలో తెరిచారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వరసలో నిలబడతాం. పెల్ గ్రాంటు పేదింటి పిల్లలకు కేంద్ర ప్రభుత్వమిచ్చే సాయం. 2012 నుంచి జీవితం మొత్తానికి అది పన్నెండు సెమిస్టర్లే. ఏడో తరగతి లెక్కలకు అందులో మూడు కరిగించినవాడు, తర్వాత యూనివర్సిటీలో నాలుగో ఏడాది వచ్చేసరికి ‘నీ కోటా అయిపోయింది బాబూ’ అనిపించుకోవచ్చు. రెమెడియల్ కోర్సుల కింద దేశవ్యాప్తంగా విద్యార్థులూ వాళ్ళ కుటుంబాలూ కట్టేది ఏటా 130 కోట్ల డాలర్లని సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ 2016లో అంచనా వేసింది. ఒకసారి హైస్కూలుకు పన్ను కట్టి, అదే పాఠానికి రెండోసారి ఫీజు కట్టడమన్నమాట.

ఎవరు కట్టారో కూడా చూడాలి. పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాలిఫోర్నియా 2016 నివేదిక ప్రకారం, ఆ రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో నూటికి 80 మంది ఏదో ఒక రెమెడియల్ కోర్సులో పడ్డారు. వాళ్ళలో యూనివర్సిటీ లెక్కకు వచ్చే గణితం ఎన్నడైనా పూర్తిచేసినవాళ్ళు నూటికి 27 మంది, ఇంగ్లీషయితే 44 మంది. నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు తెల్లపిల్లల కన్నా ఎక్కువగా అందులో చేరారని వేరే చెప్పక్కర్లేదు. నూటికి ఎనభై మందికి జబ్బుందని తేల్చే పరీక్షను ఏ డాక్టరైనా ముందు అనుమానించాలి. కాలేజీలు విద్యార్థులను అనుమానించాయి.

ధనవంతుల పిల్లలకు లెక్కలు రాకపోతే ఏం చేస్తారో తెలుసుకోవాలంటే హార్వర్డ్‌కు వెళ్ళాలి. బీజగణితంలో కొత్త విద్యార్థుల పునాది సరిగ్గా లేదని 2024లో వాళ్ళకూ తోచింది. ‘మీరు మూడు మెట్లు కింద’ అని ఎవరికీ చెప్పలేదు. కాలిక్యులస్ కోర్సునే వారానికి ఐదు రోజులు పెట్టి, పక్కనే ఆల్జీబ్రా కూడా చూసుకుంటూ పోయేలా మార్చారు. క్రెడిట్ క్రెడిటే. అంటే దేశంలోకెల్లా కష్టమైన ప్రవేశం సంపాదించినవాళ్ళకు ఆల్జీబ్రా రాకపోయినా కాలిక్యులస్‌లో కూర్చునే అర్హత ఉంది. రాత్రంతా గోడౌన్లో పెట్టెలు మోసినవాడికి స్టాటిస్టిక్స్‌లో కూర్చోవడానికి కూడా అంకగణితం నుంచి యోగ్యతాపత్రం కావాలి.

అసలు అందరికీ ఆల్జీబ్రా ఎందుకని అడిగినవాళ్ళను చాలా కాలేజీల్లో నాస్తికుల్లా చూశారు. కాలేజీ ఆల్జీబ్రా అనేది కాలిక్యులస్‌కు దారి. దాన్ని చదివేవాళ్ళలో అత్యధికులు కాలిక్యులస్ మొహం ఎన్నడూ చూడరు. నర్సుకు కావాల్సింది మందు మోతాదు లెక్క, నిష్పత్తులు, ఒక పరిశోధన ఫలితాన్ని చదివి నమ్మొచ్చో లేదో తేల్చుకునేంత స్టాటిస్టిక్స్. వర్గ సమీకరణం విడదీయలేదని ఆమెను వార్డులోకి రానివ్వకపోతే రోగికేం ఒరుగుతుంది? న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, క్యూనీ, దీన్ని వాదనలతో తేల్చకుండా ప్రయోగం చేసి చూసింది. అలెగ్జాండ్రా లోగ్, ఆమె సహచరులు ఎలిమెంటరీ ఆల్జీబ్రా అవసరమని తేలిన విద్యార్థులను లాటరీ తీసి మూడు గుంపులు చేశారు. మామూలు రెమెడియల్ ఆల్జీబ్రాలో కూర్చున్నవాళ్ళలో నూటికి 39 మంది పాసయ్యారు. అదే ఆల్జీబ్రాకు వారం వారం వర్క్‌షాపు జోడిస్తే 45 మంది. ఆల్జీబ్రా గొడవే లేకుండా నేరుగా కాలేజీ స్టాటిస్టిక్స్‌లో వేసి వర్క్‌షాపు జోడిస్తే 56 మంది. ‘తగరు’ అన్న ముద్రపడ్డవాళ్ళు, తమకు మించినదన్న కోర్సును, తమకు తగినదన్న కోర్సు కన్నా మెరుగ్గా పాసయ్యారు! ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ముద్ర వేసినవాళ్ళకు ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మొత్తానికి రాష్ట్రాలు కదిలాయి. 2013లో ఫ్లోరిడా ఓ చట్టం చేసి, ఆ రాష్ట్రపు ప్రభుత్వ హైస్కూళ్ళలో ఇటీవల చదివి డిప్లొమా తెచ్చుకున్నవాళ్ళకు ప్లేస్‌మెంట్ టెస్టూ రెమెడియల్ కోర్సూ ఐచ్ఛికం చేసేసింది. టెనెసీ 2015లో మెట్లు తీసేసి, అందరినీ కాలేజీ కోర్సులోనే వేసి, వెనకబడినవాళ్ళకు అదే సెమిస్టర్లో పక్కనే అదనపు క్లాసు పెట్టింది. దీనికి కోరెక్విజిట్ అని పేరు. పాత పద్ధతిలో ఏడాదిలో నూటికి 12 మంది దాటిన గణితాన్ని కొత్త పద్ధతిలో సుమారు సగం మంది దాటారు. మేరీల్యాండ్‌లో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ ఇంగ్లీషులో ఈ పని 2007 నుంచే చేస్తోంది. పక్కింటివాడు చేసి చూపించాక ఎనిమిదేళ్ళకు గానీ రాష్ట్రాలకు కనపడలేదు, అంతే. కాలిఫోర్నియా 2017లో చేసిన ఏబీ 705 చట్టం రుజువు బరువును తిప్పేసింది. విద్యార్థి తన అర్హత నిరూపించుకోనక్కర్లేదు. అతను నెగ్గుకు రావడం దాదాపు అసాధ్యమని చూపించాల్సింది కాలేజీ. చట్టం వచ్చినా కొన్ని కాలేజీలు పాత కోర్సులను కేటలాగులోంచి తియ్యడానికి మనసొప్పక అటూ ఇటూ సర్దాయి. దాంతో 2022లో ఏబీ 1705 అని దానికి అన్నయ్యను కనాల్సి వచ్చింది. తమ్ముడి తర్వాత అన్నయ్య పుట్టడం శాసనసభల్లోనే సాధ్యం.

అధ్యాపకుల్లో ఒక వర్గం గుండెలు బాదుకుంది. ‘ప్రమాణాలు పోయాయి!’ నిజమే, పాత రోజుల్లో ప్రమాణాలు ఎంత ఉన్నతంగా ఉండేవంటే వాటి దాకా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. క్లాసులో ఫెయిలయ్యేవాళ్ళ శాతం పెరిగిందని లెక్క చూపించారు. అదీ నిజమే. ఇదివరకు ఆ పిల్లలు ఈ క్లాసులో ఫెయిలయ్యేవాళ్ళు కాదు, క్లాసు మొహం చూడకుండానే మాయమయ్యేవాళ్ళు. మాయమైనవాడు ఏ మాస్టారి గ్రేడు పుస్తకాన్నీ పాడుచెయ్యడు. కళ్ళెదుట ఫెయిలైనవాడు పాడుచేస్తాడు, మాస్టారికి నిద్ర పట్టనివ్వడు. గణితం పాసైన మొత్తం సంఖ్య పెరిగిందన్న మాట మాత్రం ఆ ఏడుపులో కలిసిపోయింది.

అయితే వాళ్ళ ఏడుపులో ఒక నిజం ఉంది. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. నిజంగానే భిన్నాలు రానివాళ్ళు ఉన్నారు. పదిహేనేళ్ళుగా పుస్తకం ముట్టని మనిషి ఉంటాడు, కోవిడ్ కాలంలో తెర ముందు కూర్చుని రెండేళ్ళు పోగొట్టుకున్న పిల్ల ఉంటుంది. హైస్కూలు మార్కులేమీ సత్యహరిశ్చంద్రులు కావు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025లో వెల్లడించిన ప్రకారం, కొత్తగా చేరినవాళ్ళలో ఎనిమిదిమందిలో ఒకరి గణితం హైస్కూలు స్థాయికి తక్కువగా ఉంది. వాళ్ళలో చాలామంది హైస్కూల్లో లెక్కల్లో మంచి గ్రేడులు తెచ్చుకున్నవాళ్ళే. పరీక్షా వ్యాపారులు ఈ కాగితం ఊపుతూ మళ్ళీ బజారుకు వచ్చారు. వాళ్ళకు నా జవాబు ఒక్కటే. ఏ కొలబద్ద సరైందని ముప్పై ఏళ్ళు కొట్టుకున్నాం. కొలిచాక ఆ పిల్లకు ఏం పెట్టామన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. కట్-ఆఫ్ మార్చడానికి ఖర్చు లేదు. మెట్లు పీకెయ్యడానికి ఖర్చు లేదు, పైగా మిగులు. శాసనసభ్యుడికి ఇంతకన్నా ఇష్టమైన సంస్కరణ లోకంలో ఉండదు. చట్టం చేశాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు, అదనపు క్లాసు చెప్పేవాడి జీతం దగ్గరకొచ్చేసరికి కళ్ళజోడు వెతుక్కున్నాడు. చాలాచోట్ల ఆ క్లాసు చెప్పేది పార్ట్ టైం టీచరు. ఒక కాలేజీలో రెండు కోర్సులు, ఇంకో ఊళ్ళో ఇంకో రెండు, భోజనం కార్లో. ఆయన ఆఫీసు గంటలు ఎప్పుడని అడిగే విద్యార్థికి ముందు ఆయన ఆఫీసు ఎక్కడో ఎవరైనా చెప్పాలి. టెనెసీ విజయం మీద తర్వాత చేసిన పరిశోధన ఈ సంగతినే మర్యాదగా చెప్పింది. కోరెక్విజిట్ వల్ల మొదటి గణితం, మొదటి ఇంగ్లీషు దాటేవాళ్ళు పెరిగారు. చివరికి డిగ్రీ చేతికొచ్చేవాళ్ళ సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మొదటి కోర్సు దాటాక కూడా అద్దె అద్దెలాగే ఉంది, షిఫ్టు షిఫ్టులాగే ఉంది.

ఏం చేస్తే డిగ్రీ చేతికొస్తుందో తెలియక కాదు. క్యూనీ 2007 నుంచి ఆసాప్ అనే కార్యక్రమం నడుపుతోంది. పూర్తికాలం చదవాలన్నది షరతు. బదులుగా గ్రాంటుకు మించిన ఫీజు మాఫీ, పుస్తకాలు ఉచితం, సబ్‌వేకీ బస్సుకీ పాసు, ట్యూటరు, తరచూ కూర్చుని మాట్లాడే ఒక అడ్వైజర్. మొదట్లో ఆ అడ్వైజర్ చేతిలో ఉన్న విద్యార్థులు 60 నుంచి 80 మంది. అదే కాలేజీల్లో మామూలు అడ్వైజర్‌కు అప్పట్లో 600 నుంచి 1,500 మంది. అంతమందిని చూసేవాడికి విద్యార్థి పేరు పలకడం వచ్చేలోపు ఆ విద్యార్థి మానేసి ఉంటాడు. ఎమ్‌డీఆర్‌సీ సంస్థ లాటరీ పద్ధతిలో పరీక్షించి 2015లో ఫలితాలు ఇచ్చింది. మూడేళ్ళలో పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఆసాప్‌లో నూటికి 40 మంది, బయట 22 మంది. ఆ ప్రయోగంలో తీసుకున్నది ఎవరిననుకున్నారు? తక్కువ ఆదాయం గలవాళ్ళు, రెమెడియల్ అవసరమని ముద్రపడ్డవాళ్ళు. తలకు ఖర్చు బాగా ఎక్కువే. కానీ ఒక్కో పట్టాకు అయిన ఖర్చు చూస్తే పాత పద్ధతి కన్నా తక్కువ. న్యూయార్క్ సంగతి వేరని దీర్ఘం తీసేవాళ్ళ కోసం ఒహాయోలో మూడు కమ్యూనిటీ కాలేజీలు అదే చేసి చూపించాయి. అక్కడా పట్టాలు దాదాపు రెట్టింపు.

ఇక డబ్బు సంగతి. వైట్‌హౌస్‌లో ఉంటూ కూడా ఉత్తర వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ప్రథమ మహిళ ఒకావిడ ఈ దేశానికి ఉండేది. ఆవిడ భర్త అధ్యక్షుడు. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ చదువు ఉచితం చేద్దామన్న ఆయన ప్రతిపాదన 2021 అక్టోబరులో బేరాల మధ్య బిల్లులోంచి జారిపోయింది. ఇంట్లో టీచరమ్మ ఉన్నవాడికే గతి అది.

ఇప్పుడు మీరు ఏ కమ్యూనిటీ కాలేజీ అధ్యక్షుడినైనా కలిసి ఆసాప్ మాటెత్తండి. ముఖం విప్పారుతుంది. నివేదిక చదివానంటారు, సదస్సుకు వెళ్ళొచ్చానంటారు, స్ఫూర్తిదాయకమంటారు. ‘మరి మన దగ్గర?’ అంటే ముఖం ముడుచుకుంటుంది. అడ్వైజర్లను పెట్టడానికి నిధుల్లేవండీ, బస్ పాసులకైతే అసలే లేవు అంటారు. తర్వాత గడియారం చూసుకుని లేస్తారు. కొత్త ప్లేస్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు పక్కగదిలో ప్రొజెక్టర్ పెట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఈసారి దాంట్లో కృత్రిమ మేధ కూడా ఉందట.